ఆముదాలవలస అమ్మాయి ఎత్తిన బరువు



మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆడవాళ్లు బరువులెత్తడం కొత్త సంగతి కాదు. నూతి దగ్గర నుంచి నీళ్ల బిందె, పొలం నుంచి వరి మోపు, కొండ దిగువ నుంచి కట్టెల మోపు, వీటన్నిటితో పాటు చంకలో బిడ్డ. మన అమ్మలు, అమ్మమ్మలు జీవితమంతా ఎత్తింది ఇదే. ఆ బరువును తూచినవారు లేరు, దానికి చప్పట్లు కొట్టినవారూ లేరు. 2000 సెప్టెంబరు 19న మాత్రం ఈ నేల మీద పుట్టిన ఒక ఆడబిడ్డ ఎత్తిన బరువును ప్రపంచం కిలోలతో సహా రాసుకుంది. ఆవిడే కరణం మల్లీశ్వరి గారు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ.

ఆరోగ్య పత్రికలో ఆటల సంగతి ఎందుకని కొందరు అడగవచ్చు. మా ఆసుపత్రికి నడుము నొప్పితో వచ్చే తల్లులు, రక్తం తక్కువై నీరసంతో వచ్చే ఆడపిల్లలు, "మా పాప వ్యాయామశాలకు వెళ్తానంటోంది, పంపవచ్చా?" అని అడిగే తండ్రులు చాలామంది ఉన్నారు. వీరందరికీ చెప్పవలసిన మాటలు మల్లీశ్వరి గారి జీవితంలో దొరుకుతాయి. ఆమె ప్రయాణంలో ఎత్తులూ ఉన్నాయి, పల్లాలూ ఉన్నాయి. రెండింటినీ దాచకుండా చెప్పుకుందాం.

అయిదుగురు ఆడపిల్లల ఇల్లు

మల్లీశ్వరి గారు 1975 జూన్ 1న పుట్టారు. సొంతూరు ఆముదాలవలస దగ్గరున్న ఊసవానిపేట. కలకత్తా - మద్రాసు రైలు మార్గంలో 'శ్రీకాకుళం రోడ్' అని బోర్డు కనిపించే స్టేషను ఆముదాలవలసదే. ఆమె తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. ఇంట్లో అయిదుగురూ ఆడపిల్లలే.

బలానికి మన ప్రాంతం ఎప్పటి నుంచో పెట్టింది పేరు. వీరఘట్టానికి చెందిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని 'కలియుగ భీముడు' అని పిలిచేవారు. ఆయన 1942లో కన్నుమూసినా, శ్రీకాకుళంలోని స్టేడియం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. తాలింఖానాలు, గోదాలు మన ఊళ్లలో ఉండేవి. కాని అవన్నీ మగపిల్లలవి. ఆడపిల్ల కండలు పెంచుతానంటే నవ్వే రోజులవి. "రేపు పెళ్లెలా అవుతుంది? పిల్లలు పుడతారా?" అన్న మాటలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ అక్కడక్కడా వినిపిస్తున్నాయి.

అలాంటి ఊళ్లో ఆ అక్కచెల్లెళ్లు వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకున్నారు. మల్లీశ్వరి గారు ఈ ఆటలోకి వచ్చింది పన్నెండేళ్ల వయసులో. మొదట్లో ఈమె మరీ సన్నగా ఉందని, బలం చాలదని వెనక్కి పంపారట. ఆ రోజు ధైర్యం చెప్పింది కన్నతల్లి. తర్వాత నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర శిక్షణ మొదలైంది.

ఇక్కడొక విషయం గమనించాలి. మహిళలకు ప్రపంచ వెయిట్ లిఫ్టింగ్ పోటీలు మొదటిసారి జరిగింది 1987లో. ఈ అమ్మాయి ఆముదాలవలసలో ఇనుప కడ్డీ పట్టుకున్నదీ దాదాపు అప్పుడే. మగవారికి ఈ ఆట 1896 నాటి మొదటి ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవారికి ఒలింపిక్స్ తలుపు తెరుచుకోవడానికి మరో నూట నాలుగేళ్లు పట్టింది.

అక్క వెంట వెళ్లిన చెల్లెలు

1990లో జాతీయ శిక్షణ శిబిరం జరిగింది. అందులో చోటు దొరికింది మల్లీశ్వరి గారికి కాదు, వాళ్ల అక్కకు. ఈమె తోడుగా వెళ్లారు. అక్కడ లియొనిద్ తరనెంకో అనే శిక్షకుడు ఉన్నారు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్‌కు బంగారు పతకం తెచ్చిన వ్యక్తి ఆయన. ఊరికే నిలబడి చూస్తున్న ఆ పిల్లను ఆయన గమనించారు. ఆమె సత్తా చూసి శిబిరంలో చేర్పించారు.

అక్కడి నుంచి ఎదుగుదల వేగంగా సాగింది. 1993లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 54 కిలోల విభాగంలో కాంస్యం. 1994లో ఇస్తాంబుల్‌లో బంగారం. అదే ఏడాది హిరోషిమా ఆసియా క్రీడల్లో వెండి. 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మళ్లీ ప్రపంచ బంగారం. 1996లో వార్సాలో కాంస్యం. వరుసగా నాలుగేళ్లు ప్రపంచ పోటీల నుంచి ఖాళీ చేతులతో తిరిగి రాలేదు. 1994లో అర్జున అవార్డు, ఆ తర్వాత రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ వచ్చాయి.

రెండుసార్లు ప్రపంచ విజేతగా నిలిచే నాటికి ఆమె వయసు ఇరవై. ఆ ఇరవయ్యేళ్ల అమ్మాయి మన వీధిలోంచి నడిచి వెళ్తే ఎంతమంది గుర్తుపట్టేవారో చెప్పడం కష్టం. క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు నోటు పుస్తకాల అట్టల మీద ఉండేవి. బరువులెత్తే ఆడపిల్ల గురించి పత్రికల్లో నాలుగు వరుసలు వస్తే గొప్ప.

పల్లం వచ్చిన ఏళ్లు

1996 తర్వాత ప్రపంచ పోటీల్లో ఆమెకు పతకం రాలేదు. 1997లో తోటి వెయిట్ లిఫ్టరును వివాహం చేసుకుని హర్యానాలోని యమునానగర్‌లో స్థిరపడ్డారు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో వెండి గెలిచారు. అయినా "ఆమె పని అయిపోయింది" అన్న మాట మొదలైంది. సిడ్నీ జట్టులో పేరు రాగానే విమర్శలు పెరిగాయి. ఒళ్లు చేసిందన్నారు. వేరొకరిని పంపవలసిందన్నారు.

ఈ 'ఒళ్లు చేయడం' గురించి ఒక మాట. ఈ ఆటలో పోటీ దేహపు బరువును బట్టి జరుగుతుంది. 54 కిలోల విభాగం నుంచి 63కు, అక్కడి నుంచి సిడ్నీలో 69కి ఆమె మారారు. పై విభాగానికి వెళ్లాలంటే శరీరాన్ని దానికి తగ్గట్టు పెంచుకోవాలి. పెరిగినదంతా కొవ్వే అనుకోవడం తప్పు. కండ కూడా బరువే తూగుతుంది. ఆడవాళ్ల ఒంటి గురించి వ్యాఖ్యానించడం మన సమాజంలో అందరికీ హక్కు అయిపోయింది. బాలింతను చూసినా, కాలేజీ పిల్లను చూసినా మొదటి మాట "చిక్కిపోయావు" లేదా "లావయ్యావు". ప్రపంచ విజేతకూ ఆ మాటలు తప్పలేదు.

సిడ్నీలో ఆ రోజు

వెయిట్ లిఫ్టింగ్‌లో రెండు పద్ధతులుంటాయి. మొదటిది 'స్నాచ్'. నేల మీది కడ్డీని ఒక్క ఊపులో తలపైకి లేపి నిలబడాలి. రెండోది 'క్లీన్ అండ్ జర్క్'. ముందు భుజాల మీదికి తెచ్చుకుని, నిలబడి, ఆ తర్వాత తలపైకి ఎత్తాలి. ఒక్కో పద్ధతిలో మూడు అవకాశాలిస్తారు. రెండింటిలో ఎత్తిన పెద్ద బరువులను కలిపి విజేతను తేలుస్తారు.

మల్లీశ్వరి గారు స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తారు. క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. మొత్తం 240. మన లెక్కలో చెప్పుకుంటే, 130 కిలోలంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదు, పైన మరో అయిదు కిలోలు. వంటింట్లో నిండు గ్యాస్ బండ ఒక్కటి జరపడానికే మనం ఇద్దరం పట్టుకుంటాం. అలాంటివి నాలుగు కలిపి తలపైకి ఎత్తి నిలబడినట్టు.

ఇంకొక అవకాశం మిగిలింది. చైనా, హంగరీ క్రీడాకారిణులు ఇద్దరూ చేరిన మొత్తం 242.5 కిలోలు. మల్లీశ్వరి గారు చివరిసారి 137.5 కిలోలు పెట్టించుకున్నారు. అది లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, బంగారం వచ్చేది. లేవలేదు. కాంస్యం దక్కింది. బంగారానికీ ఆమెకూ మధ్య ఉన్న తేడా రెండున్నర కిలోలు, అంటే ఒక చిన్న బియ్యం సంచి.

"తక్కువ బరువు అడిగి ఉంటే వెండి వచ్చేదేమో" అని తర్వాత చాలామంది అన్నారు. ఆ క్షణంలో ఆమె బంగారానికే గురిపెట్టారు. ఆ ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన పతకం ఆ ఒక్కటే. స్వతంత్ర భారతంలో అంతకు ముందు ఒంటరి పోటీల్లో పతకం తెచ్చినవారు ఇద్దరే. 1952లో హెల్సింకీలో కుస్తీలో కె.డి. జాదవ్ గారు, 1996లో అట్లాంటాలో టెన్నిస్‌లో లియాండర్ పేస్ గారు. మూడోవారు ఊసవానిపేట ఆడపడుచు. వెయిట్ లిఫ్టింగ్‌లో మరో పతకం కోసం దేశం 2021 దాకా ఎదురుచూసింది. ఆ ఏడాది టోక్యోలో మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను గారు వెండి గెలిచారు.

పతకం తర్వాత

గెలిచినవారి గురించి రాసే చాలా వ్యాసాలు ఇక్కడ ఆగిపోతాయి. మాకు మాత్రం దీని తర్వాతి భాగమే ముఖ్యం అనిపించింది.

2001లో ఆమెకు కుమారుడు పుట్టాడు. 2002లో కామన్వెల్త్ క్రీడలతో తిరిగి రావాలనుకున్నారు. ఆ సమయంలో తండ్రి మరణించడంతో విరమించుకున్నారు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. నడుము గాయం బాధపెట్టింది. పోటీ పూర్తి చేయలేకపోయారు. నాలుగేళ్ల కిందట దేశమంతా పేరు పలికిన మనిషి పేరు ఫలితాల పట్టికలో అంకె లేకుండా మిగిలింది. ఆ తర్వాత ఆమె ఆట నుంచి తప్పుకున్నారు.

అక్కడితో ఆమె జీవితం ఆగలేదు. భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేశారు. యమునానగర్‌లో పిల్లలకు వెయిట్ లిఫ్టింగ్ నేర్పే అకాడమీ నడిపారు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా నియమితులయ్యారు. బలం చాలదని ఒకప్పుడు వెనక్కి పంపిన పిల్లకు, ఎవరిలో సత్తా ఉందో ఎంచే బాధ్యత అప్పగించారన్నమాట.

ఆడపిల్ల బరువులెత్తితే చెడు జరుగుతుందా?

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వద్దాం. తల్లిదండ్రులు తరచుగా అడిగే మూడు ప్రశ్నలకు జవాబులు ఇవి.

గర్భసంచి దెబ్బతింటుందా? సరైన శిక్షణతో, క్రమంగా బరువు పెంచుకుంటూ చేసే వ్యాయామం వల్ల పిల్లలు పుట్టకుండా పోతారన్నది అపోహ. మల్లీశ్వరి గారు ఒలింపిక్ పతకం గెలిచిన మరుసటి ఏడాదే తల్లి అయ్యారు.

పొడవు పెరగకుండా ఆగిపోతారా? తెలిసిన శిక్షకుడి కళ్ల ముందు, వయసుకు తగిన బరువుతో చేస్తే ఎదుగుదల ఆగదు. ప్రమాదం ఎక్కడ ఉందంటే, ఎవరూ చూడకుండా, పందెం కట్టి, ఒక్కసారే ఎక్కువ బరువు ఎత్తడంలో ఉంది.

నెలసరి సమయంలో చేయవచ్చా? ఒంట్లో బాగుంటే చేయవచ్చు. నొప్పి, నీరసం ఉంటే తగ్గించుకోవాలి. ఎక్కువ వ్యాయామం చేస్తూ సరిగా తినని అమ్మాయికి నెలసరి ఆగిపోతే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఎముకల బలం తగ్గుతోందనడానికి అది గుర్తు కావచ్చు. వైద్యులకు చూపించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు వారానికి కనీసం మూడు రోజులు, పెద్దలు కనీసం రెండు రోజులు కండరాలను, ఎముకలను గట్టిపరిచే పనులు చేయాలి. దీనికి ఇనుప కడ్డీలే అక్కర్లేదు. గుంజీళ్లు, మెట్లెక్కడం, తాడాట, కబడ్డీ ఇవన్నీ పనికొస్తాయి.

నడుమును కాపాడుకోండి

ప్రపంచ విజేతను సైతం కూర్చోబెట్టిన గాయం నడుముదే. మనం ఇంట్లో, పొలంలో ఎత్తే బరువుకు శిక్షకుడు ఉండడు. కాబట్టి లిఫ్టర్లు నేర్చుకునే నాలుగు సూత్రాలు మనమూ నేర్చుకుందాం.

ఒకటి, బరువుకు దగ్గరగా నిలబడాలి. కాళ్లు భుజాలంత వెడల్పు పెట్టుకోవాలి.

రెండు, నడుము వంచి అందుకోకూడదు. మోకాళ్లు వంచి కూర్చుని, వీపు నిటారుగా ఉంచి పట్టుకోవాలి. లేచేటప్పుడు పని తొడలకు అప్పజెప్పాలి. మన ఒంట్లో పెద్ద కండరాలు అక్కడే ఉన్నాయి.

మూడు, బిందె అయినా బస్తా అయినా ఒంటికి ఆనించుకోవాలి. చేతులు చాచి దూరంగా పట్టుకున్న కొద్దీ నడుము మీద భారం అంతకు అంతా పెరుగుతుంది.

నాలుగు, బరువు చేతిలో ఉండగా నడుము తిప్పకూడదు. తిరగాలంటే పాదాలు తిప్పి మొత్తం మనిషి తిరగాలి. ఎత్తలేనంత బరువైతే రెండు భాగాలు చేసుకోండి, లేదా మరొకరిని పిలవండి. అందులో నామోషీ లేదు.

బాలింతలు తొందరపడకూడదు. కాన్పు అయిన వెంటనే నీళ్లు మోయడం, రోట్లో దంచడం వంటివి వద్దు. ఆపరేషన్‌తో కాన్పు అయినవారు సుమారు ఆరు వారాల పాటు తమ బిడ్డ కంటే ఎక్కువ బరువు ఎత్తకపోవడం మంచిది. అత్తమామలు, భర్తలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త

ఇది మన జిల్లాకు మరీ అవసరమైన మాట. నడుము నొప్పి రాగానే మందుల దుకాణంలో రెండు మాత్రలు కొనుక్కుని మింగి పనికి వెళ్లడం మనవాళ్లకు అలవాటు. కొందరు నెలల తరబడి అలాగే వాడుతున్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని మనిషికి ఆ ప్రమాదం మరింత ఎక్కువ.

సోంపేట, కవిటి, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, మనం ఉద్దానం అని పిలుచుకునే నేలలో, మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో వేరే చెప్పనక్కర్లేదు. దానికి అసలు కారణం ఏమిటో శాస్త్రవేత్తలు ఇప్పటికీ పూర్తిగా తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం తేలేలోగా మన చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటి ఉంది. వైద్యుల సలహా లేకుండా నొప్పి మాత్రలు వాడకండి. ఆ ప్రాంతం వారు నొప్పికి మందు రాయించుకునేటప్పుడు తమ ఊరి పేరు డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి.

మామూలు నడుము నొప్పి చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతుంది. రోజుల తరబడి మంచం పట్టడం కంటే మెల్లగా తిరగడమే మేలు. అయితే కాలు మొద్దుబారినా, పట్టు తప్పినా, మూత్రం లేదా విరేచనం అదుపు తప్పినా, జ్వరం ఉన్నా, రాత్రి నిద్రలో నొప్పి ఎక్కువైనా, ఒళ్లు కారణం లేకుండా తగ్గిపోతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

దొడ్డిదారి బలం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే ఊరుంది. వెయిట్ లిఫ్టర్ల ఊరని దానికి పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి గారు 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం పొందిన క్రీడాకారిణి నిషేధించిన మందు వాడినట్టు పరీక్షలో తేలింది. ఆమె పతకం తీసేశారు. సంతోషి గారి కాంస్యం వెండిగా మారింది.

ఈ రోజుల్లో పట్నాల్లోనే కాదు, మండల కేంద్రాల్లో కూడా జిమ్‌లు వెలిశాయి. తొందరగా కండలు రావాలని కొందరు కుర్రాళ్లు పేరు తెలియని పౌడర్లు, ఇంజెక్షన్లు వాడుతున్నారు. వీటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చు. వాటివల్ల కాలేయం, గుండె దెబ్బతింటాయి. రక్తపోటు పెరుగుతుంది. మగవారిలో సంతాన సామర్థ్యం తగ్గుతుంది. ఆడపిల్లల్లో గొంతు మారడం, ముఖం మీద వెంట్రుకలు రావడం, నెలసరి తప్పడం జరుగుతుంది. ఇవన్నీ మందు మానగానే తిరిగి సర్దుకుంటాయన్న హామీ లేదు. మీ అబ్బాయి జిమ్‌కు వెళ్తుంటే సంతోషించండి. ఏం తాగుతున్నాడో కూడా అడగండి.

బలం వంటింట్లోనే ఉంది

ఖరీదైన డబ్బాలు అక్కర్లేదు. మన చోడి అంబలిలో సున్నం ధాతువు ఉంది. పెసలు, కందులు, ఉలవలు, కోడిగుడ్డు, పాలు, ఎండు నెత్తళ్లు కండకు కావలసిన మాంసకృత్తులు ఇస్తాయి. తోటకూర, మునగాకు, ఉలవలు, చేపలు, మాంసం రక్తానికి కావలసిన ఇనుము ఇస్తాయి. వాటితో పాటు నిమ్మకాయో, ఉసిరికాయో, జామకాయో తింటే ఆ ఇనుము బాగా ఒంటికి పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే అది పట్టదు. గంట ఆగి తాగండి.

పెళ్లయి గర్భం లేని స్త్రీకైనా, పన్నెండేళ్లు దాటిన అమ్మాయికైనా హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత అంటారు. గర్భిణికి అది 11. రక్తం తక్కువైన పిల్లకు మెట్లెక్కితే ఆయాసం, చదువు మీద ధ్యాస కుదరకపోవడం, ఎప్పుడూ నీరసం. దాన్ని చాలా ఇళ్లలో "బద్ధకం" అని తిడుతుంటారు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రను పారేయకుండా మింగమని చెప్పండి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర వేయించండి. గర్భిణులు ఆరు నెలల పాటు ఇచ్చే మాత్రలను మధ్యలో ఆపవద్దు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇంట్లో గుడ్డు ఒక్కటే ఉన్నప్పుడు అది ఎవరి కంచంలోకి వెళ్తోంది? మగపిల్లాడికి పెట్టి ఆడపిల్లకు చారుతో సరిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆముదాలవలసలో ఒక కానిస్టేబులు ఇంట్లో అయిదుగురు ఆడపిల్లలు ఉండేవారు. ఆ తల్లిదండ్రులు వారిని బలహీనులుగా పెంచలేదు. పతకాలు తర్వాత వచ్చాయి. తిండి, అనుమతి, ధైర్యం ముందు వచ్చాయి.

ఈ సంచిక చదివిన తర్వాత మీ ఇంట్లోని ఆడపిల్లకు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆటల పోటీలకు పేరు ఇస్తానంటే ఆపకండి. ఇంట్లో పెద్దావిడ నడుము పట్టుకుని లేస్తుంటే ఆ బిందె మీరు అందుకోండి.